కుక్క కాటుకు చెప్పు దెబ్బేనా?

(పదవ తరగతి)

మన సామెతల్లో కుక్కకు మర్యాద లేదు. కుక్క కాటుకు చెప్పు దెబ్బ అంటాం. కుక్క తోక వంకర అంటాం. బంగారు సింహాసనం మీద కూర్చోబెట్టినా కుక్క తన పాత బుద్ధి మానదని సుమతీ శతకంలో పద్యం చదువుకున్నాం. ఇవన్నీ నేనూ పరీక్షల్లో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్నే. కానీ మా ఇంటికి కరియ వచ్చినాక ఈ మాటల మీద నాకు నమ్మకం పోయింది. కుక్కకు కొట్టి నేర్పాలి అనేవాళ్లు పొరపాటు పడుతున్నారు. ఆ పొరపాటు వల్ల కుక్కకే గాదు, ఇంట్లోని పసిపిల్లలకు కూడా ప్రమాదం. ఎట్లాగో మా ఇంట్లో జరిగిందే చెప్తాను.

కరియ నాటుకుక్క. కన్నడంలో ఆ పేరుకు నల్లోడు అని అర్థం. హోసూరు పక్కన మా నాయన పనిచేసే రోజాపూల తోటలో, ఎరువు మూటల సందున దొరికినాడు. ఇంటికి వచ్చిన మొదటి వారమే వాడి చదువు మొదలైంది. వాడికి అయ్యవారు మా చిన్నాయన. పలక, బలపం అన్నీ ఒక వేపకర్రే. "దండం దశగుణం భవేత్" అనేది ఆయన మంత్రం.

మొదటి పాఠం ఉచ్చ గురించి. ఇంట్లో పోస్తే చిన్నాయన కరియ మూతిని ఆ తడిలో రుద్ది, వీపు మీద ఒకటి వేసేవాడు. కరియ నేర్చుకున్నాడు. ఏం నేర్చుకున్నాడు? మనుషులు చూస్తుండగా పోయకూడదని నేర్చుకున్నాడు. ఆ తర్వాత మంచం కింద, రాగుల మూట వెనక తడి కనిపించేది.

రెండో పాఠం చెప్పుల గురించి. పొద్దున కరియ ఒక చెప్పు కొరికినాడు. సాయంత్రం పని నుంచి వచ్చిన చిన్నాయన అది చూసి, "కరియా, రా రా" అని పిలిచినాడు. కరియ తోక ఊపుకుంటా వచ్చినాడు. అదే చెప్పుతో నాలుగు పడ్డాయి. కొరికింది పొద్దున, దెబ్బ పడింది సాయంత్రం. దెబ్బ పడే ముందు వాడు చేసిన పని ఒక్కటే, పిలిస్తే రావడం. కాబట్టి పిలిస్తే రావడం మానేశాడు. "మొండిది" అన్నారు అందరూ. నేనూ అన్నాను. ఒకసారి చీపురు కూడా విసిరినాను. ఇది దాచుకుంటే ఈ వ్యాసం అబద్ధమవుతుంది.

మూడో పాఠమే అసలైంది. మా తమ్ముడు రెండో తరగతి. కరియ సంగటి తింటుంటే తమ్ముడు పోయి గిన్నెలో చెయ్యి పెట్టేవాడు. కరియ గుర్రుమనేవాడు. "అన్నం పెట్టే ఇంటివాళ్ల మీదనే గుర్రుమంటావా?" అని చిన్నాయన కర్ర తీసుకున్నాడు. మరుసటి రోజూ అంతే. నాలుగో రోజుకు గుర్రుమనడం ఆగిపోయింది. "చూసినారా, దారికొచ్చింది" అని చిన్నాయన అందరికీ చెప్పుకున్నాడు. పది రోజులైనాక తమ్ముడు మళ్లీ గిన్నె దగ్గర కూర్చున్నాడు. కరియ గుర్రుమనలేదు. నేరుగా చెయ్యి కరిచినాడు.

రెండు పళ్లు దిగినాయి. పసుపు పెట్టమని ఒకరు, సున్నం పెట్టమని ఒకరు చెప్పారు. అమ్మ ఏదీ వినకుండా కొళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగింది. అదే మేలైంది. ఆ పొద్దే ప్రభుత్వ ఆసుపత్రిలో సూది వేయించాం. తర్వాత 3వ రోజు, 7వ రోజు, 28వ రోజు మళ్లీ వేయించాం. రేబీస్ లక్షణాలు ఒకసారి బయటపడినాయంటే మనిషి దాదాపుగా దక్కడు. అందుకే ఈ సూదుల్లో ఒక్కటి కూడా వదలకూడదు.

ఆ రాత్రి నాయన అన్నాడు, "రేపు వీన్ని సంచిలో వేసి తళి రోడ్డులో అడవి పక్కన వదిలేసి వస్తా." నేను ఏడ్చినాను. కానీ నా ఏడుపుతో కరియ ఉండలేదు. ముందు కుక్కను పరీక్ష చేయించాలని, పది రోజులు కళ్ల ముందే పెట్టుకొని చూడాలని ఆసుపత్రిలో చెప్పినందుకు ఉన్నాడు. మరుసటి రోజు నాయనా నేనూ వాన్ని పశువుల ఆసుపత్రికి తీసుకుపోయాం.

డాక్టరమ్మ మొదట అడిగిన ప్రశ్న ఇది: "కరిచే ముందు గుర్రుమన్నదా?" లేదన్నాం. ముందు అనేదని, కొట్టి మాన్పించామని నాయన చెప్పాడు. ఆమె తల పట్టుకున్నారు. "గుర్రుమనడం కుక్క మాట. దగ్గరికి రావద్దు, నాకు భయంగా ఉంది అని చెప్పడం. దాని భయం అట్లే ఉంది. మీరు దాని మాట మాత్రం తీసేసినారు" అన్నారు. నాయన ఏమీ మాట్లాడలేదు. దారిలో మాత్రం "ఒక నెల చూద్దాం" అన్నాడు. ఆ ఒక నెల కోసమే నేను మిగతాదంతా నేర్చుకున్నాను.

ఇది డాక్టరమ్మ ఒక్కరి మాట కాదు. రష్యా దేశపు పావ్‌లోవ్ కుక్కల మీద ప్రయోగాలు చేసి, అన్నం ముందు వినిపించే చప్పుడుకే కుక్క నోట్లో నీళ్లూరతాయని చూపించాడు. దేని వెంట ఏది వస్తుందో కుక్క గుర్తు పెట్టుకుంటుందన్నమాట. 1898లో అమెరికాలో థార్న్‌డైక్ పిల్లుల్ని పెట్టెలో పెట్టి చూశాడు. ఏ పని చేస్తే మేలు జరిగిందో ఆ పనినే అవి మళ్లీ మళ్లీ చేశాయి. తర్వాత స్కిన్నర్ దీన్ని ఇంకా లోతుగా పరిశీలించాడు. మూడింటి సారం ఒక్కటే. జీవి చేసిన పనికీ, వెంటనే దొరికినదానికీ ముడి వేసుకుంటుంది. చిన్నాయన కర్ర కూడా ముడి వేసింది. కానీ "తమ్ముడు దగ్గరికి వస్తే నాకు దెబ్బలు" అని వేసింది. ఇక తమ్ముణ్ణి చూస్తే కరియకు ప్రేమ ఎట్లా పుడుతుంది?

ఇప్పుడు మేం ఏం చేశామో చెప్తాను. ఎవరైనా చేయొచ్చు, ఖర్చు లేదు.

ఉడికించిన ఒక గుడ్డును చింతగింజంత ముక్కలు చేస్తే ఒక రోజు పాఠానికి చాలు. గుడ్డు లేని రోజు ఉప్పు వేయని సంగటి ఉండలు. చాక్లెట్టు, ఎండు ద్రాక్ష, ఉల్లిపాయ మాత్రం కుక్కకు విషం, పెట్టకూడదు. ముక్కను కరియ ముక్కు దగ్గర పట్టి, మెల్లగా తల మీదుగా వెనక్కి జరిపితే వాడి తల పైకి లేస్తుంది, నడుము తనంతట తానే కిందికి దిగుతుంది. నేల తాకిన క్షణమే "భేష్" అని ముక్క ఇవ్వాలి. ఆలస్యం చేస్తే వాడు లేచి నిలబడినాక ఇచ్చినట్టవుతుంది, నిలబడటమే నేర్చుకుంటాడు. ఐదు నిమిషాలకు మించి పాఠం చెప్పకూడదు. మూడు రోజుల్లో కరియ కూర్చోవడం నేర్చినాడు.

పిలుపు దగ్గర ఒక చిక్కు వచ్చింది. మాది మూడు భాషల ఊరు. మేం "రా" అంటాం, ఎదురింటి తమిళం అత్త "వా" అంటుంది, వెనకింటి కన్నడం తాత "బా" అంటాడు. చిన్నాయన కొడుకేమో టీవీ చూసి "కమ్" అంటాడు. పాపం కరియ ఏది వినాలి? ఒక పనికి ఒకే మాట ఉండాలి, ఇంట్లో అందరూ అదే అనాలి. మేం "రా" అనే మాట పెట్టుకున్నాం. కుక్కలకు ఇంగ్లీషులోనే చెప్పాలని మా తరగతిలో ఒకరు వాదించారు. కుక్కకు ఏ భాషైనా చప్పుడే. మా కరియ తెలుగు మీడియం, బాగానే చదువుతున్నాడు. "రా" అంటే వచ్చినప్పుడల్లా ముక్క గానీ, నిమురు గానీ దొరకాలి. "రా" అని పిలిచి తిట్టకూడదు, కొట్టకూడదు. ఇది మా ఇంట్లో ఇప్పుడు చట్టం.

ఉచ్చకు కూడా ఇదే. తిన్నాక, నిద్ర లేచినాక, ఆడినాక బయటికి తీసుకుపోవాలి. అక్కడ పోస్తే అక్కడే "భేష్", ముక్క. ఇంట్లో పోస్తే మాట్లాడకుండా కడగాలి. అంతే.

గిన్నె పని అన్నిటికన్నా నిదానంగా జరిగింది. కరియ తింటుంటే నేను పది అడుగుల దూరంలో నిలబడి ఒక గుడ్డు ముక్క విసిరి వెనక్కి పోయేదాన్ని. వాడి ఒళ్లు బిగుసుకోకుండా ఉంటేనే మరుసటి రోజు ఒక అడుగు ముందుకు. బిగుసుకుంటే ఒక అడుగు వెనక్కి. మనిషి దగ్గరికి వస్తే తిండి పోదు, ఇంకా వస్తుంది అని వాడికి తెలియాలి. నెలకు నేను గిన్నె పక్కన నిలబడగలిగాను. నాయన కూడా నిలబడ్డాడు. తళి రోడ్డు మాట మళ్లీ ఎత్తలేదు. అయినా తమ్ముణ్ణి మాత్రం తినేటప్పుడు దగ్గరికి పోనివ్వం. ముక్కలతో అన్నీ మాయమైపోతాయని నేను చెప్పను. పసిపిల్లవాడికీ కుక్కకూ మధ్య పెద్దవాళ్లు ఉండాల్సిందే.

ఇక వాదనకు వస్తాను.

"ఇది లంచం గదా" అంటారు. నాయన ఆరు రోజులు తోటలో ముళ్ల మధ్య పనిచేస్తే శనివారం కూలి ఇస్తారు. అది లంచమా? పని చేయకముందే ముక్క చూపించి బతిమాలితే అది లంచం. పని చేసినాక ఇస్తే కూలి. కరియది కూలి.

"ముక్క లేకపోతే మాట వినదు" అంటారు. నేర్చేటప్పుడు ప్రతిసారీ ఇవ్వాలి. నేర్చినాక అప్పుడప్పుడూ ఇస్తే చాలు. ఎప్పుడు దొరుకుతుందో తెలియని బహుమతికి అలవాటు ఇంకా గట్టిపడుతుందని స్కిన్నరే చూపించాడు. పైగా బహుమతి అంటే తిండే కానక్కర లేదు. తలుపు తీయడం, బంతి విసరడం, చెవుల వెనక గోకడం కూడా బహుమతే. వాసన పట్టే పోలీసు కుక్కలు ఎన్నో ఒక బంతి ఆట కోసమే అంత పనీ చేస్తాయి.

"నాటుకుక్కకు చదువేంటి, జాతికుక్క అయితే సరే" అంటారు. మన రాజపాళయం, కర్ణాటక ముధోల్ కుక్కల బొమ్మలతో 2005లో తపాలా బిళ్లలు వేసినారు. అవీ ఈ మట్టి కుక్కలే. కరియకు తపాలా బిళ్ల లేకపోవచ్చు గానీ కడుపూ, భయమూ, జ్ఞాపకమూ ఉన్నాయి. నేర్చుకోవడానికి అవి చాలు.

చివరికి పెద్దవాళ్లు ఒక మాట అంటారు. "మేమూ దెబ్బలు తినే పెరిగినాం, బాగుపడలేదా?" ఈ మాటకు జవాబు చెప్పడానికి నాకు కొంచెం భయమే. అయినా చెప్తాను. దెబ్బలు తిన్నరోజు మీరు లెక్క నేర్చుకున్నారా, లెక్కల పుస్తకాన్ని చూస్తే భయపడటం నేర్చుకున్నారా? మీరు బాగుపడింది దెబ్బల వల్లనా, దెబ్బలు పడినా మీలో ఉన్న తెలివి వల్లనా? పిల్లల్ని బడిలో కొట్టకూడదని 2009 విద్యాహక్కు చట్టం చెప్తోంది. జంతువుల్ని కొట్టి హింసించడం, ఆకలికి మాడిపోయేలా వదిలేయడం 1960 నుంచే నేరం. తళి రోడ్డులో సంచి విప్పి ఉంటే మేమూ నేరస్థులమే.

మన పాత పుస్తకాలు కుక్కను తిట్టడమే చేశాయని కూడా అనుకోవద్దు. తెలుగు అయ్యవారు మాకు నన్నయ భారతం మొదట్లో ఉన్న సరమ కథ చెప్పారు. జనమేజయుడు యజ్ఞం చేస్తుంటే సరమ అనే దేవతల కుక్క పిల్ల అక్కడ ఆడుకోవడానికి పోతుంది. ఏ తప్పూ చేయదు. అయినా రాజు తమ్ములు కొడతారు. తల్లి వచ్చి, నా బిడ్డ ఏం తప్పు చేశాడని అడుగుతుంది. ఎవరి దగ్గరా జవాబు లేదు. నిష్కారణంగా కొట్టినవాళ్లకు అనుకోని వైపు నుంచి ఆపద వస్తుందని చెప్పి పోతుంది. ఆ కథ విన్న రోజు నేను తమ్ముడి చేతి మీది రెండు మచ్చలు తలుచుకున్నాను. మాకు కూడా ఆపద అనుకోని వైపు నుంచే వచ్చింది.

చిన్నాయన ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. "కుక్కకు కోడిగుడ్డంట" అని నవ్వుతాడు. కానీ వేపకర్ర ఇప్పుడు మా పెరట్లో టమోటా చెట్టుకు ఊతంగా ఉంది.

ఇది చదివే మీ ఇంట్లో కుక్క ఉంటే ఈ పొద్దు సాయంత్రం ఒక పని చేయండి. చెప్పు కింద పెట్టి, చేతిలో చింతగింజంత ముక్క పట్టుకొని, పేరు పెట్టి ఒకసారి పిలవండి. వస్తే ముక్క ఇచ్చి "భేష్" అనండి. రాకపోతే అరవకండి. అది ఎందుకు రావడం లేదో ముందు మిమ్మల్ని మీరు అడగండి.