పప్పుదేం పాపం?

ఆపరేషనైన మనిషి ఇంటికి రాగానే మన పెద్దవాళ్ళు మొదట అటకెక్కించేది కందిపప్పు డబ్బాని. పప్పు తింటే కుట్లు చీము పడతాయట!

మా పెద్దక్కయ్యకి అపెండిసైటిస్ ఆపరేషనైతే పదిహేను రోజులు నీళ్ళచారు అన్నమూ, బ్రెడ్డుముక్కలూ పెట్టారు. గాయం మానేలోగా మనిషి సగమైంది.

చీము పట్టేది గాయంలో సూక్ష్మజీవులు చేరడం వల్ల. మధ్య పప్పుదేం పాపం? తెగిన కండ అతుక్కోవాలంటే మాంసకృత్తులు కావాలి. ఈ మాట వినగానే శాకాహారులు ముక్కు మూసుకోనక్కరలేదు. తెలుగు మేష్టారుగా మనవి చేస్తున్నాను, మాంసకృత్తు అంటే కండను చేసేది అని అర్థం.

ఆరోగ్యవంతులకే కిలో బరువుకి రోజుకు 0.83 గ్రాములు కావాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో లెక్క కట్టింది. కోలుకుంటున్నవారికి అంతకన్న ఎక్కువే కావాలి. నూరు గ్రాముల కందిపప్పులో సుమారు 22 గ్రాములున్నాయి. పైగా, బియ్యంలో కొరవడిన లైసిన్ పప్పులో ఉంది. పప్పులో తక్కువైన మిథియోనిన్ బియ్యంలో ఉంది. పప్పూ అన్నమూ వియ్యమందుకున్నది ఊరికే కాదు.

డాక్టరు అన్నం పెట్టమన్న రోజున పెసరపప్పు పులగం మెత్తగా వండి పెట్టండి. అరిగితే మర్నాడు ముద్దపప్పు. మూత్రపిండాల జబ్బున్నవాళ్ళు మాత్రం డాక్టరును అడక్కుండా పప్పు హెచ్చించకూడదు.