శిబిరంలో అన్నయ్యలు, అక్కయ్యలు

వేసవి సెలవులు రాగానే తెలుగునాట బాలల శిబిరాలు వెలుస్తాయి. గోడపత్రికల మీద చిత్రలేఖనం, ఈత, యోగాసనాలు మొదలైన విద్యల పేర్లు బారులు తీరుతాయి. వాటిని నేర్పే నిపుణుల పేర్లు పెద్ద అక్షరాలలో కనిపిస్తాయి. కాని ఉదయం నుండి రాత్రి వరకు పిల్లల వెన్నంటి ఉండే యువతీయువకులెవరో, వారిని ఎంపిక చేసిందెవరో ఏ గోడపత్రికా చెప్పదు. శిబిరం మంచిచెడ్డలు మాత్రం వారి మీదనే ఎక్కువగా ఆధారపడి ఉంటాయి. నిపుణుడు గంటసేపు నేర్పి వెళ్లిపోతాడు. మొదటిసారి ఇల్లు విడిచి వచ్చిన తొమ్మిదేళ్ల పిల్ల అర్ధరాత్రి అమ్మ కావాలని ఏడిస్తే పక్కన కూర్చునేది ఎవరో ఒక కాలేజీ అమ్మాయే.

ఇంగ్లీషులో ఇట్టివారిని కౌన్సిలర్లు అంటారు. తెలుగువారికి అంతకంటె చక్కని మాట ఎన్నడో దొరికింది. పిల్లల రేడియో కార్యక్రమాలు నడిపిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులను తెలుగు బాలలు ‘రేడియో అన్నయ్య’, ‘రేడియో అక్కయ్య’ అని పిలుచుకున్నారు. ఆ పిలుపు అందుకోవడమంటే ఒక చుట్టరికాన్ని తలకెత్తుకోవడమే.

ఇంత బరువైన పనికి మనుషులను ఎంచే తీరు విచారకరం. శిబిరం రేపనగా ఖాళీగా ఉన్నవారిని పోగుచేయడం పరిపాటి. పాట వచ్చుననో, ఆటలలో పతకం సాధించాడనో మరికొందరిని తీసుకుంటారు. నైపుణ్యం కావలసిందే. అయితే ఆటలో కలవక చెట్టుకింద ఒంటరిగా నిలబడిన పిల్లవాణ్ణి గమనించే కన్ను అంతకంటె అవసరం. ధ్రువపత్రాలలో అది కనబడదు. అభ్యర్థిని ఒక పూట పిల్లల మధ్య విడిచి దూరం నుండి చూడటమే తగిన పరీక్ష. అందరూ హుషారైనవారే అయినా జట్టు కుదరదు. అరిచి ఆడించేవారితో పాటు ఓపికగా వినేవారు, మందులపెట్టె ఎక్కడుందో మరువనివారు కూడా ఉండాలి.

1907 ఆగస్టులో ఇంగ్లండులోని బ్రౌన్‌సీ దీవిలో బేడెన్ పవెల్ సుమారు 20 మంది బాలురతో శిబిరం నడిపాడు. సంపన్నుల బిడ్డలను, శ్రామికుల బిడ్డలను కలిపి నాలుగు దళాలుగా చేసి, ఒక్కొక్క దళాన్ని పెద్ద బాలుడొకనికి అప్పగించాడు. స్కౌటు ఉద్యమానికి అదే నాంది. రాత్రి బస ఉండే శిబిరాలలో 9 నుండి 14 ఏళ్ల పిల్లలు ఎనిమిదిమందికి ఒకరు చొప్పున ఉండాలని అమెరికా శిబిరాల సంఘం ప్రమాణం. తరగతిగదిలో వలె నలభైమందిని ఒక్కరికి అప్పగిస్తే ఆ ఒక్కరు కాపలాదారు కాగలరే గాని అన్నయ్య కాలేరు.

ఎంపికైనవారు శిబిరానికి ముందు రెండుమూడు రోజులు కలిసి ఉండాలి. కలిసి వండుకొని తినాలి. చుట్టుపక్కల బావి, కాలువ, కరెంటు తీగ ఎక్కడున్నాయో నడిచి చూడాలి. వడదెబ్బ తగిలిన పిల్లవాణ్ణి నీడకు చేర్చి తడిగుడ్డతో ఒళ్లు తుడవాలని, స్పృహ లేనివానికి నీరు తాగించరాదని అందరికీ తెలియాలి. చెప్పుకోవడానికి సంకోచించే విషయం మరొకటి ఉంది. లైంగిక నేరాల నుండి బాలలను రక్షించేందుకు 2012లో చట్టం వచ్చింది. అట్టి నేరం తెలిసినవారు పోలీసులకు తెలపవలసిందే. శిబిరం పరువు పోతుందని దాచడం శిక్షార్హం. పిల్లలతో మూసిన గదిలో ఒంటరిగా ఉండరాదన్న నియమం మొదటి రోజే అందరికీ చెప్పాలి. జీతం లేని సేవకు ఇన్ని కట్టుబాట్లా అని నిర్వాహకులు విసుక్కోవచ్చు. నీటిలో మునుగుతున్న పిల్లవానికి ఒడ్డున ఉన్నవాడు జీతగాడైనా, సేవకుడైనా ఒకటే.

ఎంత జాగ్రత్తపడినా పొరపాట్లు జరుగుతాయి. చిన్నయసూరి నీతిచంద్రికలో వలలో చిక్కిన పావురాలు తప్పు ఒకరి మీదికి నెడుతూ ఉంటే చిత్రగ్రీవుడు వారించి, అందరినీ ఒక్కసారిగా ఎగరమన్నాడు. పావురాలన్నీ వలతో ఎగరడం అందరికీ గుర్తుంటుంది. హిరణ్యకుడు తన కట్లు కొరకబోగా, ముందు తనవారి కట్లు కొరకమని అతడు కోరడం అంతగా గుర్తుండదు. శిబిర నాయకునికి కావలసింది ఆ రెండవ ఘట్టమే. పిల్లలు నిద్రించాక అతడు జట్టును కూర్చోబెట్టి, ముందుగా తన పొరపాటు తాను చెప్పుకుంటే తక్కినవారి నోళ్లు వాటంతట అవే తెరుచుకుంటాయి. పావుగంట చాలు. ఆ రోజు ఎవరు అన్నం సరిగా తినలేదో, మరునాడు ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలో అక్కడే తేలుతుంది.