ఫోర్ స్ట్రోక్ సరే... ఒడ్డున దిక్కెవరు?

బరంపురం: పాత కిరోసిన్ ఇంజనుతో ఇంకో సీజను నెట్టుకురావాలా, అప్పో సప్పో చేసి ఫోర్ స్ట్రోక్ కొనాలా? గోపాల్‌పూర్, ఆర్జిపల్లి మొదలుకొని అటు పూరీ పెంటకోట దాకా, ఒడియా వారు నోలియాలని పిలిచే మన వాడబలిజలు, జాలార్ల పల్లెల్లో ఫైబర్ బోటు ఉన్న ప్రతి ఇంటికీ ఇప్పుడో ఇంకో రెండేళ్లకో తేల్చుకోక తప్పని ప్రశ్న ఇది. కంపెనీల కరపత్రాలు చూస్తే జవాబు తేలికే. పొగ ఉండదు, మోత తక్కువ, ఆయిలు కలిపే పని లేదు, ఇంధనం ఆదా. ఇవన్నీ నిజాలే. అయితే ఆ కరపత్రం రాసినవాళ్లు జెట్టీకి కట్టేసిన పడవను చూసి రాశారు. మనది కెరటాలు చీల్చుకుంటూ దిగి, మళ్లీ కెరటాల మీదే ఇసుకలోకి ఎక్కే పడవ. ఇంజను మంచిదా కాదా అన్నది ఇక్కడ వేరేగా తేలుతుంది.

కిరోసిన్ కథ ముగిసినట్టే

ముందు పాతదాని సంగతి. పెట్రోలుతో స్టార్టు చేసి కిరోసిన్‌కు మార్చే టూ స్ట్రోక్ ఇంజను మన తీరానికి వచ్చిందే చౌక కిరోసిన్‌ను నమ్ముకొని. ఆ చౌక పోయింది. నెలనెలా కాస్త కాస్త పెంచుకుంటూ వచ్చి, 2020 నాటికి రేషను కిరోసిన్ మీద కేంద్రం సబ్సిడీని పూర్తిగా ఎత్తేసింది. రాష్ట్రాలకిచ్చే కోటాను కూడా ఏటా కోస్తూ వచ్చింది. 2022లో కేరళలో రేషను కిరోసిన్ ధరే లీటరు వంద రూపాయలు దాటితే అక్కడి పడవల వాళ్లు లబోదిబోమన్నారు.

పైగా కార్బురేటర్ ఉన్న టూ స్ట్రోక్‌లో పోసిన ఇంధనంలో నాలుగో వంతు వరకు కాలకుండానే పొగగొట్టంలో పోతుంది. కొత్త ఇంధనం లోపలికొచ్చే వేళకే పాత పొగ బయటికి పోయే దారి తెరిచి ఉంటుంది కాబట్టి రెండూ కలిసి వెళ్లిపోతాయి. ఫోర్ స్ట్రోక్‌లో వాల్వులుంటాయి, ఆ నష్టం ఉండదు. పెట్రోలు టూ స్ట్రోక్‌లో 50 లీటర్లకు లీటరు చొప్పున ఆయిలు కలపాలి, కిరోసిన్‌కు ఇంకా ఎక్కువ. ఫోర్ స్ట్రోక్‌కు ఆ ఖర్చూ లేదు. అయినా లెక్క అక్కడితో ఆగిపోదు.

ఖర్చు ఒకరిది, ఆదా అందరిది

9.9 హార్స్‌పవర్ ఫోర్ స్ట్రోక్ గంటకు లీటరు మిగులుస్తుందనుకుందాం. రోజుకు ఐదు గంటలు నడిస్తే ఐదు లీటర్లు. ఏ ఇంధనమైనా లీటరు వంద రూపాయలే అనుకుంటే రోజుకు 500 రూపాయలు. బాగానే ఉంది. కానీ మన పల్లెల్లో చాలా చోట్ల పద్ధతి ఏమిటి? చేపలమ్మిన డబ్బులోంచి ముందు ఇంధనం ఖర్చు తీసేసి, మిగిలింది వాటాలు వేసుకుంటారు. అంటే ఆ 500లో సగం కళాసీలకు పోతుంది. ఇంజను వాయిదా మాత్రం ఆసామి ఒక్కడిదే, రిపేరూ అతనిదే. అతని చేతికి వచ్చేది 250. నెలకు 20 రోజులు, ఏడాదికి ఎనిమిది నెలలు వేటకు వెళ్లినా 40 వేలు. రెండు లక్షల ఇంజను అనుకుంటే వడ్డీ కలపకుండానే ఐదేళ్లు. ఐదేళ్లు ఆ ఇంజను ఉండాలి కదా!

అందుకే కొనేముందు బజారుకు కాదు, ముందు కళాసీల దగ్గరకు వెళ్లాలి. ఇంజను వాటా ఎంతో కొత్తగా మాట్లాడుకోవాలి. అది చేయకుండా చేపల సావుకారు దగ్గర అప్పు తెచ్చి కొంటే, చేప రేటు అతను చెప్పిందే. ఇంధనంలో మిగిలింది ధరలో పోతుంది.

ప్రభుత్వ సాయం ఉంది. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో జనరల్ వర్గాలకు 40 శాతం, ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు 60 శాతం సబ్సిడీ. అది పథకంలో రాసిన యూనిట్ ఖర్చు మీద లెక్క, మీరు షాపులో కట్టిన బిల్లు మీద కాదు. ఏ మోడల్‌కు వర్తిస్తుందో, ఈ ఏడాది నిధులున్నాయో లేదో మత్స్యశాఖ ఆఫీసులో అడిగి తెలుసుకున్నాకే అడ్వాన్సు ఇవ్వాలి.

భుజం మీద మోసే ఇంజను

జెట్టీ ఉన్న ఊళ్లో ఇంజను పడవకే ఉంటుంది. మన దగ్గర వేట అవగానే విప్పి, కర్రకు కట్టి ఇద్దరు భుజాన వేసుకొని ఇంటికి తెస్తారు. తుపాను వస్తే పడవ పోయినా ఇంజను దక్కుతుందన్న ధైర్యం కూడా అదే. 2013 ఫైలిన్ తీరం దాటింది గోపాల్‌పూర్ దగ్గరే కాబట్టి ఈ మాట ఇక్కడ ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు. ఫోర్ స్ట్రోక్ అదే శక్తి ఉన్న టూ స్ట్రోక్ కంటే బరువు. 9.9 అయితే 40 కిలోల అటూ ఇటూ. 15, 20 హార్స్‌పవర్‌కు వెళితే ఇంకా ఎక్కువ. పక్క ఊరివాడు 20 కొన్నాడని మనమూ కొనడం కాదు, ఇసుకలో అర కిలోమీటరు ఎవరు మోస్తారో చూసుకోవాలి.

మోయడంలోనూ మెలకువ ఉంది. టూ స్ట్రోక్‌ను ఎటు పడేసినా పెద్దగా పోయేదేం లేదు. ఫోర్ స్ట్రోక్ అడుగున ఆయిలు నిలవ ఉంటుంది. తప్పు పక్కకు పడుకోబెడితే ఆ ఆయిలు సిలిండర్‌లోకి పోతుంది. మర్నాడు తాడు లాగితే కదలదు. ఏ పక్కకు పడుకోబెట్టాలో ప్రతి కంపెనీ పుస్తకంలో రాసే ఉంటుంది, ఇంగ్లిషులో. ఆ ఒక్క పేజీ తెలుగులో రాసి ఇవ్వడానికి డీలరుకు ఎంత ఖర్చవుతుందో అర్థం కాదు.

ఇక కెరటాల్లో పడవ తిరగబడితే? ఇసుక, ఉప్పునీరు రెండూ లోపలికి పోతాయి. వెంటనే తాడు లాగి స్టార్టు చేయబోవడం పెద్ద పొరపాటు. నీరు నొక్కుకుపోదు కాబట్టి లోపలి కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు. ప్లగ్గులు విప్పి, నీళ్లు వంచేసి, మంచినీటితో కడిగి, ఆయిలు మార్చాలి. ఆయిలు పాలరంగులో ఉన్నంతసేపూ మళ్లీ మళ్లీ మార్చాలి. ఆ రోజే స్టార్టు చేసి వేడెక్కించాలి. మెకానిక్ మర్నాటికి గానీ రాడంటే, విచిత్రంగా అనిపించినా, ఇంజనును మంచినీటి డ్రమ్ములో ముంచి ఉంచడమే మేలు. గాలి తగిలితే ఉప్పు తినేస్తుంది.

బంకులో పెట్రోలు మారింది

దీని గురించి రేవుల్లో మాట్లాడుకోవడం తక్కువ. ఫోర్ స్ట్రోక్ తాగేది పెట్రోలే. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు 2023 ఫిబ్రవరిలో కొన్ని బంకుల్లో మొదలై, 2025 నాటికి దేశమంతా వచ్చేసింది. పడవ ఇంజన్ల పుస్తకాల్లో చాలావరకు కనిపించే పరిమితి 10 శాతం. ఇథనాల్ తేమను పీలుస్తుంది. సముద్రం గాలిలో, మూత సరిగా పడని ట్యాంకులో రోజుల తరబడి ఉంటే నీరు పట్టిన ఇథనాల్ విడిపోయి అడుగుకు చేరుతుంది. ఇంజను పీల్చేది అడుగు నుంచే. పాత రబ్బరు గొట్టాలు మెత్తబడటం, కార్బురేటర్ జెట్లు మూసుకుపోవడం కూడా దీనితోనే.

కారుకైతే రోడ్డు పక్కన ఆగిపోతుంది. పడవ ఆగేది కెరటాలు విరిగే చోటైతే ఏమవుతుందో వేరే చెప్పాలా?

మన తీరంలో ఇంజన్లు ఖాళీగా ఉండే రోజులూ ఎక్కువే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధం. రుషికుల్య ముఖద్వారం దగ్గర తాబేళ్ల కోసం నవంబరు 1 నుంచి మే 31 దాకా 20 కిలోమీటర్ల వరకు ఆంక్షలు. ఆ ఖాళీలోనే పెట్రోలు పాడవుతుంది. నిల్వ పెట్టకుండా ఏ రోజుకారోజు పోసుకోవడం, ట్యాంకుకూ ఇంజనుకూ మధ్య నీటిని పట్టే ఫిల్టరు పెట్టించడం, నిషేధానికి ముందు కార్బురేటర్ ఖాళీ చేయడం... ఈ మూడూ అలవాటు కావాలి. ఇంకోటి, కిరోసిన్ డబ్బా పక్కన బీడీ వెలిగించినవాళ్లున్నారు. పెట్రోలు దగ్గర ఆ ధైర్యం పనికిరాదు.

ఏది కొనాలి?

యమహా, సుజుకి, హోండా, మెర్క్యురీ. ఏదీ చెడ్డ ఇంజను కాదు. వాటి మధ్య తేడా కంటే దగ్గర్లో ఎవరి విడిభాగాలు దొరుకుతాయన్నదే పెద్ద తేడా. ఒక్క ఇంపెల్లర్ కోసం రైలుదారిన 270 కిలోమీటర్ల పైన ఉన్న విశాఖ వెళ్లాలంటే రెండు రోజుల వేట పోయినట్టే. ఇసుక నీళ్లు పీల్చే మన తీరంలో ఇంపెల్లర్ త్వరగా అరిగిపోతుంది కూడా. అందుకే పల్లె అంతా కలిసి ఒకే కంపెనీ, ఒకే మోడల్ కొంటే మంచిదని ఈ వ్యాసకర్త అభిప్రాయం. పది ఇంజన్లు ఒకటే అయితే ఇంపెల్లర్లు, ప్లగ్గులు, జింక్ ముక్కలు, స్టార్టరు తాళ్లు ఊళ్లోనే ఉంచుకోవచ్చు. ఒక కుర్రాడిని ట్రైనింగ్‌కు పంపొచ్చు.

బ్యాటరీ స్టార్టు వద్దు, తాడు స్టార్టు చాలు. ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ ఉన్నవి ఇంధనం ఇంకాస్త మిగులుస్తాయి, సుజుకి 9.9లో అయితే బ్యాటరీ లేకుండానే పనిచేస్తుంది. కానీ అది చెడితే ఇంట్లో విప్పి కడుక్కునేది కాదు. సర్వీసు దగ్గర్లో లేని చోట కార్బురేటరే నయం.

షాఫ్టు కొలత విషయంలో టేపు పెట్టి చూడాల్సిందే. పడవ వెనక ఇంజను బిగించే చెక్క పైఅంచు నుంచి అడుగు దాకా 15 అంగుళాలుంటే షార్ట్, 20 ఉంటే లాంగ్. పొట్టిది పెడితే కెరటం మీద పంకా గాల్లోకి లేచి, సరిగ్గా తోపు కావలసిన క్షణంలో ఉత్తుత్తిగా తిరుగుతుంది. పొడుగుది పెడితే ఇసుకకు తగులుతుంది. పంకా కూడా ఇంజనుతో వచ్చిందే వాడాలని లేదు. సరదా పడవలకు ఇచ్చేది వేగం కోసం. వల, ఐసు, మనుషులతో పూర్తి బరువు వేసి, ఫుల్ థ్రాటిల్‌లో ఇంజను పుస్తకంలో రాసిన చుట్లు, సాధారణంగా నిమిషానికి 5 నుంచి 6 వేలు, అందుకుంటుందో లేదో డీలరు మీటరు పెట్టి చూపించాలి. అందుకోకపోతే పిచ్ తక్కువ పంకా వేయించుకోవాలి.

సర్వీసు సంగతి. మొదటి 20 గంటలకోసారి, తర్వాత 100 గంటలకోసారి లేదా ఆరు నెలలకోసారి అని రాస్తారు. సరదా పడవకు ఆరు నెలలే ముందొస్తాయి. రోజుకు ఐదు గంటలు, నెలకు 20 రోజులు నడిపే మనకు వంద గంటలంటే నెలే. నెలకోసారి ఆయిలు మార్చలేనివాళ్లు ఫోర్ స్ట్రోక్ జోలికి పోకుండా, ఊళ్లోనే రిపేరయ్యే లాంగ్ టెయిల్ డీజిల్ గురించి ఆలోచించడమే మంచిది.

డీలరు దగ్గర కాగితం మీద రాయించుకోవాల్సినవి రెండే. వేటకు వాడే ఇంజనుకు వారంటీ ఎన్ని నెలలు, 20 శాతం ఇథనాల్ పెట్రోలు పోస్తే అది చెల్లుతుందా. నోటిమాట చాలదు. బేరం ఏప్రిల్ 15కు ముందే తేల్చుకోవాలి. అప్పుడైతే ఇంజనును సముద్రంలో వేసి చూడొచ్చు. నిషేధంలో కొంటే జూన్ 15 దాకా అది ఇంటి మూలన కూర్చుంటుంది, వారంటీ రోజులు మాత్రం కరిగిపోతుంటాయి.