మిల్లు నాడి పట్టేదెలా?

ముదినేపల్లి దగ్గర ఓ రైసు మిల్లు ఉందనుకుందాం. ఎలివేటర్ ధాన్యాన్ని పైకి తోడుతుంది. జల్లెడ చెత్తను ఏరేస్తుంది. రబ్బరు రోళ్లు ఊక వలుస్తాయి. పాతికేళ్లుగా అక్కడే పనిచేసే ఆపరేటర్ చప్పుడు వింటూనే ‘ఎలివేటర్లో ధాన్యం ఇరుక్కుంది’ అని చెప్పేస్తాడు. ఆయనెప్పుడూ వైరింగ్ పటం చూడలేదు, ప్యానెల్లోని ప్రోగ్రామూ చదవలేదు. వినీ చూసీ నేర్చుకున్నాడంతే. మరి కంప్యూటర్ అలా నేర్చుకోగలదా?

చాలావరకు నేర్చుకోగలదు. ఆటోమేటిక్ ప్లాంటులో తొట్టి నిండిందా, మోటారుకు ఆదేశం వెళ్లిందా అన్నవన్నీ ‘అవును’, ‘కాదు’ అనే సంకేతాలే. వాటిని 1, 0లుగా రాసుకుంటే ప్రతి క్షణానికీ ఒక వరుస వస్తుంది. ఏ వరుస తర్వాత ఏది వచ్చిందో బాణాలు గీస్తూ పోతే మిల్లు నడకంతా ఒక పటంగా తయారవుతుంది. యంత్రాన్ని విప్పకుండా బయటినుంచే దాని గుట్టు ఎంతవరకు తెలుస్తుందో అమెరికా శాస్త్రవేత్త ఎడ్వర్డ్ మూర్ 1956లోనే చర్చించాడు. సంకేతాలతో గీసిన పటంతో కర్మాగారాల్లో లోపాలు పట్టే ఒక పద్ధతిని క్లైన్, లిట్జ్, లెసాజ్ అనే పరిశోధకులు 2005లో ప్రతిపాదించారు. పటంలో లేని బాణం కనిపించిందంటే, ఎక్కడో తేడా వచ్చిందన్నమాట!

ఇందులో ఓ చిక్కుంది. తొట్టి అడుగు సెన్సర్ 1, పై సెన్సర్ 0 చూపిస్తున్నాయి. తొట్టి నిండుతోందా, ఖాళీ అవుతోందా? ఆ ఒక్క వరుస చూస్తే తెలియదు. అందుకే అంతకుముందు వచ్చిన వరుసల్నీ కలిపి చూస్తారు.

అంతకన్నా పెద్ద చిక్కు మరొకటి. కంప్యూటర్‌కు తెలిసింది అది చూసినంతే. దాళ్వా ఎండు ధాన్యం ఆడేటప్పుడు మాత్రమే పటం గీశారనుకోండి. సార్వాలో తుపాను వానకు తడిసిన ధాన్యం రాగానే మిల్లు నడక మారుతుంది. పాడైందేమీ లేకున్నా గంట మోగుతుంది. నాలుగుసార్లు ఉత్తినే మోగితే అయిదోసారి ఎవరు పట్టించుకుంటారు? దీనికి తిరకాసు కూడా ఉంది. పటం గీసే రోజుల్లోనే ఏదైనా లోపం ఉంటే, కంప్యూటర్ దాన్నీ మామూలు నడకే అనుకుంటుంది. ఆ తర్వాత అదే లోపం ఎన్నిసార్లు వచ్చినా గంట మోగదు.

అందుకే సంకేతాలు రాసుకునేటప్పుడు రెండు పంటలూ చూడాలి. ఏది సవ్యమో, ఏది అపసవ్యమో చెప్పడానికి పక్కన ఆ పాత ఆపరేటర్ ఉండాలి. ఆయన రిటైరయ్యాక కాదు, ఉన్నప్పుడే!