కండెల సైన్యం

మొన్న ఒక ఆదివారం పొద్దున మన సంఘం సభ్యులు ఒకరు మా ఇంటికి వచ్చారు. చేతిలో రెండువందల పేజీల లాంగ్ నోటుబుక్కు. "సార్, మీరు బ్యాంకు మనిషి, పత్రికలో నాలుగు ముక్కలు రాసే మనిషి గూడ. ఇదేం చేయాల్నో మీరే చెప్పాలె" అన్నారు.

టీ తాగుతూ సంగతి విన్నాను. వారి అమ్మాయి తొమ్మిదో తరగతి, అబ్బాయి ఆరో తరగతి. ఇద్దరూ కలిసి వేసవి సెలవుల నుంచి ఒక నవల రాస్తున్నారు. మన షోలాపూరు సిద్ధేశ్వర చెరువు అడుగున ఇంకొక ఊరు ఉంటుందట. అక్కడి మనుషులకు నీడలు ఉండవు. పైనున్న మన నీడలను దొంగిలించుకుని పోతుంటారు. ఒక అక్కా తమ్ముడూ తమ అవ్వ నీడను వెతుక్కుంటూ చెరువులోకి దిగుతారు. రాత్రి పదకొండయినా లైటు ఆర్పరట. మధ్యమధ్య కొట్లాటలు. "నా రాజును నన్నడగకుండ ఎందుకు చంపినవ్" అని పిల్లవాడి ఏడుపు.

తండ్రి ప్రశ్నలు రెండు. ఒకటి, దీన్ని మన పత్రిక బాలల పుటకు పంపవచ్చా, లేక పరీక్షలు చూసుకోమని మాన్పించాలా? రెండోది, అడగడానికి ఆయన కొంచెం సంకోచించారు. నోటుబుక్కు తెరిచి చూస్తే నాకే అర్థమయింది. మాటలన్నీ తెలుగే, మన ఇళ్ళల్లో మాట్లాడే తెలుగే. అక్షరాలు మాత్రం మరాఠీవి. పిల్లలకు తెలుగు చదవను, రాయను రాదు.

"ఒక వారం నా దగ్గర ఉంచండి" అన్నాను. ఆ వారమంతా నాకు రెండు సంగతులు మనసులో తిరిగాయి. ఒకటి ఇంగ్లండుది, ఒకటి మా ఇంటిది. ముందు ఇంగ్లండుది చెబుతాను. మా ఇంటిది చెప్పడానికి కొంచెం ధైర్యం తెచ్చుకోవాలి.

ఇంగ్లండులో యార్క్‌షైర్ అనే సీమ. అక్కడ గుట్ట మీద హావర్త్ అనే ఊరు. ఆ ఊరి చర్చికి ఫాదరీగా 1820లో పాట్రిక్ బ్రాంటీ అనే ఆయన వచ్చారు. ఆయనా మనలాగే బయటివాడు, ఐర్లండులో పుట్టినవాడు. మరుసటి ఏడే భార్య పోయింది. ఆరుగురు పిల్లలు. 1825లో పెద్దపిల్లలిద్దరూ బడి హాస్టలులో జబ్బుపడి, ఇంటికి వచ్చి, వారాల తేడాతో పోయారు. మిగిలింది నలుగురు: షార్లెట్, బ్రాన్‌వెల్, ఎమిలీ, యాన్. నలుగురిలో బ్రాన్‌వెల్ ఒక్కడే మగపిల్లవాడు.

1826 జూన్‌లో తండ్రి లీడ్స్ పట్నం వెళ్ళి, కొడుకు కోసం పన్నెండు చెక్క సిపాయిల పెట్టె కొనుక్కొచ్చారు. షార్లెట్‌కు అప్పుడు పదేళ్ళు, అందరికన్నా చిన్నదైన యాన్‌కు ఆరు. తెల్లవారగానే నలుగురూ తలొక సిపాయిని పట్టుకున్నారు. షార్లెట్ బొమ్మ డ్యూక్ ఆఫ్ వెల్లింగ్టన్. బ్రాన్‌వెల్‌ది నెపోలియన్ బోనపార్ట్. ఎమిలీ బొమ్మ ముఖం గంభీరంగా ఉందని దానికి అలాంటి పేరే పెట్టారు. ఇక అక్కడినుంచి ఆట ఆగలేదు. ఆ పన్నెండుగురూ ఓడెక్కి ఆఫ్రికా పడమటి తీరం చేరి, గాజు పట్నం అనే రాజధాని కట్టారు. నలుగురు పిల్లలు ఆ రాజ్యానికి జీనీలు, అంటే అరేబియన్ నైట్స్ కథల్లో వచ్చే భూతాల వంటివాళ్ళు. యుద్ధంలో ఏ సిపాయి చచ్చినా జీనీలు వచ్చి బతికిస్తారు. ఇద్దరు అక్కలను మట్టిలో పెట్టి ఏడాది దాటిన పిల్లల ఆటలో ఈ నియమం ఉందని చదివినప్పుడు నేను పుస్తకం కాసేపు పక్కన పెట్టాను.

1829లో బ్రాన్‌వెల్ సిపాయిల కోసం ఒక మాసపత్రిక మొదలుపెట్టాడు. కొన్ని నెలలకు షార్లెట్ సంపాదకత్వం తీసుకుంది. సిపాయిలు చదవాలి గదా, అందుకని పత్రిక సిపాయిల కొలతకే చేశారు. అగ్గిపెట్టె అంత ఉంటుంది, మూడున్నర సెంటీమీటర్ల వెడల్పు, ఆరు సెంటీమీటర్ల పొడవు. చక్కెర పొట్లాల కాగితం వంటివి ఏరుకుని, కత్తిరించి, సూదీదారంతో కుట్టారు. అచ్చు అక్షరాల్లాగే చేతితో దించారు. షార్లెట్ పద్నాలుగో ఏట చేసిన ఒక సంచికలో ఇరవై పేజీల్లో నాలుగు వేల పైచిలుకు మాటలు ఉన్నాయి. కథలే కాదు, ప్రకటనలు కూడా! మన పత్రికకు ప్రకటనలు తెచ్చే కమిటీవారు ఈ ముక్క చదివి సిగ్గుపడాలని కోరుతున్నాను.

ఆ 1830 నాటి సంచికల్లో ఒకదాన్ని 2019లో ప్యారిస్‌లో వేలం వేస్తే, హావర్త్‌లోని బ్రాంటీల మ్యూజియం వారు చందాలు పోగుచేసి ఆరు లక్షల యూరోలకు పాడుకున్నారు. మన లెక్కలో నాలుగున్నర కోట్ల పైమాటే. వేలంవారి కమీషను వేరే.

1831లో షార్లెట్ బడికి వెళ్ళాక చిన్నవాళ్ళిద్దరూ, ఎమిలీ, యాన్, పెద్దవాళ్ళ రాజ్యం నుంచి వేరుపడ్డారు. పసిఫిక్ సముద్రంలో గోండాల్ అనే సొంత దీవి పెట్టుకున్నారు. అన్నీ మనమే ఒప్పుకోవాలి, పెద్దవాళ్ళు చెప్పిందే జరగాలి అంటే ఏ చిన్నవాళ్ళు ఊరుకుంటారు? షార్లెట్, బ్రాన్‌వెల్ 1834లో ఆంగ్రియా అని ఇంకో రాజ్యం కట్టారు. పెద్దయ్యాక ఈ ఆట మానేశారనుకుంటున్నారా? 1845లో ఎమిలీ, యాన్ కలిసి యార్క్‌కు రైలు ప్రయాణం చేశారు. ఒకామెకు ఇరవయ్యారు, ఒకామెకు ఇరవయ్యైదు. దారి పొడుగునా ఇద్దరూ గోండాల్ రాజకుమారులూ రాకుమార్తెలూ అయి మాట్లాడుకున్నారు. ఆ సంగతి ఎమిలీ స్వయంగా రాసుకుంది.

బ్యాంకువాణ్ణి గనుక నాకు వాళ్ళ డబ్బు సంగతులు మరీ ఇష్టం. తల్లి పోయాక పెంచిన పెద్దమ్మ 1842లో పోతూ కొంత సొమ్ము మేనకోడళ్ళకు రాసింది. అక్కచెల్లెళ్ళ భాగాలు రైల్వే షేర్లలో పెట్టారు. ఆ లావాదేవీలు చూసింది ఎవరనుకున్నారు? నలుగురిలోకీ మౌనంగా, లోకం పట్టనట్టు ఉండే ఎమిలీ. పేపర్లలో రైల్వేల వార్తలు ఒక్కటి వదలకుండా చదివేదట. షేర్లు ప్రమాదమని షార్లెట్‌కు భయం పట్టుకుంది, అమ్మేద్దామంది. ఎమిలీ ఒప్పుకోలేదు. చెల్లెలి మనసు నొప్పించడం కన్నా నష్టపోవడమే నయమని షార్లెట్ ఊరుకుంది. చివరికి 1849లో రైల్వే రాజని పేరుపడ్డ జార్జ్ హడ్సన్ కూలిపోయాక ఆ షేర్లు బాగా పడ్డాయి. మా సర్వీసులో ఇటువంటి ఉమ్మడి ఖాతాలు ఎన్నో చూశాను. నష్టం తెలిసి కూడా సంతకం పెట్టే అక్కలు, అన్నలు ఉంటారు. మా ఫారాల్లో దానికి కాలమ్ లేదు.

బ్రాన్‌వెల్‌దీ లెక్కల కథే, కాని వేరే రకం. లడెన్‌డెన్ ఫుట్ అనే చిన్న రైలు స్టేషనులో గుమాస్తా పని చేశాడు. 1842లో ఆడిట్ జరిగితే పదకొండు పౌన్ల ఒక షిల్లింగు ఏడు పెన్సులు తక్కువ వచ్చింది. తీసుకున్నది అతను కాదు, పోర్టరు మీదే అనుమానం. కాని స్టేషను వదిలి తిరిగింది అతను. ఉద్యోగం పోయింది. అప్పటి అతని నోటుబుక్కులో రైల్వే వివరాల పక్కనే పద్యాలు ఉన్నాయి. నేను ఆఫీసర్ని గనుక అతని పక్షం మాట్లాడలేను, కాని ఆ పద్యాలున్న పేజీ మీద నాకు కోపం కూడా రాదు.

1846లో అక్కచెల్లెళ్ళు ముగ్గురూ మగ పేర్లో ఆడ పేర్లో తెలియని దొంగ పేర్లతో, ముప్ఫై పౌన్ల పైన సొంత డబ్బు పెట్టి కవితలు అచ్చు వేయించారు. మొదటి ఏడు అమ్ముడుపోయినవి రెండు ప్రతులు. అయినా మానలేదు. మరుసటి ఏడు, 1847లో, జేన్ ఐర్, వుదరింగ్ హైట్స్, యాగ్నెస్ గ్రే అనే మూడు నవలలూ వచ్చాయి, ముగ్గురివీ. రాత్రి తొమ్మిదింటికి కుట్టుపని పక్కన పెట్టి, భోజనాల గదిలో బల్ల చుట్టూ తిరుగుతూ ఒకరి కథ ఒకరికి చెప్పుకునేవారట. చెల్లెళ్ళ పుస్తకాలు అచ్చయిన సంగతి బ్రాన్‌వెల్‌కు తెలియనే తెలియదని షార్లెట్ రాసింది. తాగుడులో పడిపోయిన వాడికి, చెబితే తన కాలం ఎంత వ్యర్థమయిందో గుర్తొస్తుందని చెప్పలేదు. మొదటి పత్రిక పెట్టినవాడు అతనే. 1848 సెప్టెంబరులో బ్రాన్‌వెల్, డిసెంబరులో ఎమిలీ, 1849 మేలో యాన్ పోయారు. ఆ తర్వాత బల్ల చుట్టూ షార్లెట్ ఒక్కతే తిరిగేదట.

గోండాల్ దీవి వచన కథలు ఒక్క పేజీ కూడా దొరకలేదు. కవితలు మిగిలాయి, కథ పోయింది.

మనకు జంట కవులు కొత్త కాదు. అన్నదమ్ములైన కొప్పరపు సోదర కవులు ఉన్నారు. అన్నదమ్ములు కాకపోయినా తిరుపతి వేంకట కవులు రెండు పేర్లూ ఒకటే చేసుకున్నారు. 1920లో తిరుపతి శాస్త్రిగారు పోయినా చెళ్ళపిళ్ళవారు తన రచనలను జంట పేరుతోనే వెలువరించారు. కాని అవన్నీ సభల్లో పెద్దల వ్యవహారాలు. మా తరం పిల్లలకు మాయలూ మంత్రాలూ ఇచ్చింది చందమామ. తోకచుక్క, మకరదేవత వంటి సీరియళ్ళు రాసిన దాసరి సుబ్రహ్మణ్యంగారి పేరు ఆ పేజీల మీద ఉండేది కాదు. ఎవరు రాశారో తెలియకుండానే మేమంతా ఆయన శిష్యులం. పక్కింటి మరాఠీ పిల్లలు అదే కథను, అవే బొమ్మలతో "చాందోబా"లో చదివేవారు. వీధిలో కలిసి ఆడినప్పుడు రాక్షసుడు మాత్రం అందరికీ ఒకడే.

ఇక మా ఇంటి సంగతి.

మా బాపు మరమగ్గాల మీద చాదర్లు నేసేవాడు. కార్ఖానా నుంచి పారేసిన ఖాళీ కండెలు తెచ్చి ఇచ్చేవాడు. మాకు, అంటే నాకు, మా చెల్లెకు, అవే సిపాయిలు. నాకు పన్నెండేళ్ళు, దానికి తొమ్మిది. ఎర్రదారం చుట్టినవాడు సేనాపతి, నల్లదారం వాడు మంత్రి. సేఠు పారేసిన పాత ఖాతా పుస్తకం వెనక్కి తిప్పి కథ రాశాం. ఒక పేజీ నాది, ఒక పేజీ దానిది. తెలుగులోనే. అప్పుడు మా సంఘం బడిలో తెలుగు చెప్పేవారు. మూడేళ్ళు రాశాం. తర్వాత నాకు అకౌంట్సు, ట్యూషన్లు వచ్చాయి. అది మాత్రం ఒంటరిగా తన పేజీలు రాస్తూ, నా పేజీలు ఖాళీగా వదులుతూ పోయింది.

బ్యాంకులో చేరి, మొదటి బదిలీకి సామాను సర్దుతున్న రోజు పాత పుస్తకాలన్నీ రద్దీవాడికి తూకం వేశాను. అందులో ఆ ఖాతా పుస్తకం ఉంది. కనిపించలేదని చెప్పను. చూశాను, అట్ట చిరిగింది గదా అనుకుని వేశాను. ఏడాదికి చెల్లె పెళ్ళయి భివండి వెళ్తూ అడిగింది: "అన్నా, మన కండెల బుక్కు యాడుంది?" "ఏమో, ఏడనో ఉంటది" అన్నాను. అది ఇంకేమీ అనలేదు. ముప్ఫై ఏళ్ళ పైన మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఆ చెరువు కథ చదివిన రాత్రి భివండికి ఫోను చేసి నిజం చెప్పాను. కాసేపు అటు నుంచి చప్పుడు లేదు. తర్వాత నవ్వింది. "నాకు ఎరికే అన్నా. రద్దీ బండి పోయినంక అవ్వ చెప్పింది" అంది. నేను అబద్ధమాడిన రోజే దానికి తెలుసు. తన పిల్లలకు ఆ కథ చెప్పే పెంచిందట, ఇప్పుడు మనవరాలికి చెబుతోందట. ఒక్క చోట మాత్రం ఆగిపోతుందట. "నల్ల మంత్రిని బాయిల పడేసింది నేను. బయటికి తీసింది నువ్వు. ఎట్ల తీసినవ్?"

ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

మరుసటి ఆదివారం నోటుబుక్కు తిరిగి ఇస్తూ ఆ తండ్రికి నాకు తోచింది చెప్పాను. మాన్పించవద్దు. పరీక్షల నెల మాత్రం బుక్కు నా బీరువాలో ఉంటుంది, తాళం చెవి పిల్లల దగ్గర ఉంటుంది. అచ్చులో ఇద్దరి పేర్లూ వేయాలి, ఎవరి వాక్యం ఏదని అడగకూడదు. లిపి మాటంటారా, ఆదివారాలు సాయంత్రం ఇద్దరినీ మా ఇంటికి పంపమన్నాను. వాళ్ళు చదువుతుంటే నేను తెలుగు అక్షరాల్లో దించుతాను, వాళ్ళు చూస్తూ నేర్చుకుంటారు. ఇప్పటికి నాలుగు వారాలయింది. పిల్లవాడికి "నీడ" అని రాయడం వచ్చింది. అక్క వాడి గుడిదీర్ఘం దిద్దబోతే కొట్లాట అయింది. నేను కలుగజేసుకోలేదు.

పోయిన శుక్రవారం భివండి నుంచి కొరియరు వచ్చింది. చెల్లె గుర్తున్నంత వరకు కండెల కథ రాసి పంపింది, పద్నాలుగు పేజీలు. చెయ్యి వణికినట్టుంది, ఒత్తులు అక్కడక్కడ తప్పాయి. తొమ్మిదో పేజీ అడుగున మంత్రి బావిలో పడ్డాడు. పదో పేజీ ఖాళీ. పైన పెన్సిలుతో "అన్న రాస్తడు" అని ఉంది.

నిన్న రాత్రి భోజనమయ్యాక ఆ కాగితం ముందు కూర్చున్నాను. పదకొండున్నరకు మా ఆవిడ వచ్చి లైటు ఆర్పమంది.