గడియ తీయడం ఎవరికి తెలియదు?

గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు దింపించిన రైతు జేబులోంచి ఫోన్ తీస్తాడు. తెరమీద వేలు అలా జరిపితే చాలు, తాళం తెరుచుకుంటుంది. ఇంట్లో తలుపు గడియ తీసినంత సులువు! ఆ జరపడం మీద హక్కంతా మాదేనని ఓ కంపెనీ అంటే? 'ఇందులో ఏముంది, ఎవరికైనా తడుతుంది' అంటాం. పేటెంట్ల దగ్గర ఆ మాట అనడం తేలికే. రుజువు చెయ్యడమే కష్టం.

యాపిల్ సంస్థ ఈ పద్ధతికి పేటెంట్లు పొందింది. అంతకుముందే స్వీడన్ కంపెనీ నియోనోడ్ తన ఫోన్లో వేలు జరిపి తాళం తీసే ఏర్పాటు చేసింది. దాన్ని చూపించాకే 2012లో బ్రిటన్ హైకోర్టు, 2015లో జర్మనీ ఫెడరల్ కోర్టు యాపిల్ పేటెంట్ చెల్లదన్నాయి. అమెరికాలో కథ వేరు. 2016 ఫిబ్రవరిలో ముగ్గురు జడ్జీలు చెల్లదన్నారు. అక్టోబరులో అదే కోర్టు పూర్తి ధర్మాసనం చెల్లుతుందంది!

ఎందుకీ తేడా? చూసేశాక ఏదైనా తేలికగానే అనిపిస్తుంది. అందుకే పరిశీలకుడు దరఖాస్తు పెట్టిన నాటికి వెళ్లి, ఆ రంగం తెలిసిన మనిషిలా ఆలోచించాలి. అప్పటికే ఏముందో తేదీతో సహా చూపాలి. పాతవాటిని కలపాలని ఎందుకు తడుతుందో కారణం చెప్పాలి.

ఈ పాఠం మన పసుపు ముందే నేర్పింది. గాయం మాన్పే పసుపు మీద 1995లో అమెరికాలో పేటెంట్ ఇచ్చారు. దుగ్గిరాల పసుపు యార్డులో ఎవర్నడిగినా చెప్పే సంగతే! కానీ అమ్మమ్మ చెప్పిందంటే అక్కడ కుదరదు. అప్పటి అమెరికా చట్టం ప్రకారం పరాయి దేశంలో వాడుకలో ఉంటే చాలదు, అచ్చులో ఉండాలి. సీఎస్ఐఆర్ సంస్కృత గ్రంథాల నుంచి 1953 నాటి వైద్య పత్రిక దాకా 32 ఆధారాలు సమర్పించింది. 1997లో ఆ పేటెంట్ రద్దయింది.

మన చట్టంలో ఉత్త కంప్యూటర్ ప్రోగ్రాముకి పేటెంట్ లేదు. మిగతా దరఖాస్తుల మీద, ప్రచురించాక, పేటెంట్ ఇచ్చేలోపు ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు. ఒంగోలులోనో నరసరావుపేటలోనో చదువుకునే పిల్లలు పత్తి ధరలు చూపే యాప్ చేస్తే, దాన్ని నలుగురికీ చూపించిన తేదీ, తెరల బొమ్మలు భద్రంగా దాచుకోవాలి. రేపు ఎవరో వచ్చి 'ఇది మాదే' అంటే అక్కరకొచ్చేది అదే.

'అందరికీ తెలుసు' అన్నది సాక్ష్యం కాదు. తారీఖు వేసిన కాగితమే సాక్ష్యం!