గట్టు మీది పౌరుషం

అన్నదమ్ముల పొలాల మధ్య గట్టు రెండడుగులు జరిగిందట. జరిపింది నువ్వంటే నువ్వు. అన్న ఇంజంక్షన్ దావా పడేశాడు, తమ్ముడు కౌంటరు వేశాడు. ఇక ఇద్దరికీ జూనియర్ సివిల్ జడ్జి కోర్టు వరండాయే రెండో ఇల్లు. ఒకే బస్సులో ముందొకరు, వెనకొకరు కూర్చుని పోతారు. బంట్రోతు పేరు పిలుస్తాడు. వాయిదా. మళ్ళీ అదే బస్సు.

లెక్క వేద్దాం. గట్టు పొడవు వంద గజాలనుకోండి, పోయిన వెడల్పు రెండడుగులు. మొత్తం 600 చదరపు అడుగులు, అంటే సెంటున్నర కూడా లేదు. ఎకరం 20 లక్షలు పలికే చోట దాని ఖరీదు 27 వేల చిల్లర. ప్లీడరు ఫీజు, గుమాస్తా చేతిఖర్చు, నకళ్ళు, బస్సు చార్జీలు, పోగొట్టుకున్న పని రోజులు కలిపి చూస్తే, సాక్షి బోనెక్కకముందే ఆ భూమి ఖరీదు కరిగిపోతుంది.

"డబ్బుదేముందండీ, మాట పోతుంది" అంటారు. ఏ మాట? రచ్చబండ దగ్గర నలుగురి ముందు "వాడి అంతు చూస్తా" అన్న మాటేగా! ఆ నలుగురిలో ముగ్గురికి అది గుర్తే లేదు. గుర్తున్న నాలుగోవాడు మీ డబ్బుతో టీ తాగుతూ "తగ్గకు బావా" అని ఎగదోస్తున్నవాడే.

హద్దు చూసి రమ్మని కోర్టు పంపిన అడ్వకేట్ కమిషనర్ వచ్చిన రోజు చూడాలి ఆ సంబడం. సర్వేయరు టిప్పన్ విప్పి, గొలుసు లాగించి, తుమ్మ మొదట్లో గునపంతో తవ్విస్తాడు. పాత హద్దురాయి దొరుకుతుంది. దొరికితే ఏం? ఓడేలా ఉన్న పక్షం "ఆ రాయి రాత్రికి రాత్రి పాతారు" అని అభ్యంతరం దాఖలు చేస్తుంది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు, నాలుగోది కళ్ళ ముందు కనబడుతున్నా సరే!

ఆ పైన అప్పీలు, ఆ పైన హైకోర్టులో సెకండ్ అప్పీలు. అక్కడ గట్టు ఎటు జరిగిందన్న గొడవ వినరు, గట్టి న్యాయసూత్రం ఏదైనా ఉంటేనే వింటారు. ఈలోపు వాది కన్నుమూస్తే 90 రోజుల్లో వారసుల్ని రికార్డు మీదికి తేవాలి. తండ్రి పొలం పంచుకోకముందే కొడుకులు ఆయన పంతాన్ని పంచుకుంటారు. వరంగల్ మట్టెవాడలో 1978లో రాజుకున్న ఒక స్థలం తగాదా సుప్రీంకోర్టులో తేలింది 2008లో. తేలింది కూడా ఏమిటి? హక్కు మీద అంత చిక్కు ఉన్నప్పుడు ఉత్త ఇంజంక్షన్ దావా చాలదని, డిక్లరేషన్ అడగాల్సిందని! ముప్పై ఏళ్ళ తర్వాత.

1987 న్యాయసేవల చట్టం లోక్ అదాలత్‌కి చట్టబద్ధత ఇచ్చింది. అక్కడి రాజీకి సివిల్ కోర్టు డిక్రీకున్న విలువే ఉంది. దానిమీద అప్పీలు లేదు, కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది. అయినా పోరు. ఎందుకంటే ముందు అడిగినవాడు తగ్గినట్టట! తోడబుట్టినవాడి ముందు తగ్గడానికి చచ్చే సిగ్గు, ప్లీడరు గుమాస్తా ముందు చేతులు కట్టుకోవడానికి మాత్రం ఏ సిగ్గూ లేదు.

ఈ రాజీ మాటలు పట్టుకెళ్ళి ఆడపిల్లకు నీతులు చెప్పే పెద్దమనుషులకు ఓ దండం. హిందూ వారసత్వ చట్టానికి 2005లో వచ్చిన సవరణ ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన హక్కు ఇచ్చింది. తన వాటా ఎగ్గొడితే ఆమె కోర్టుకెక్కి తీరాలి. అది పంతమని ఎవడైనా అంటే వాడి నోరు మూయించండి. సెంటున్నర కోసం తమ్ముడి మీద డిక్రీ అమలు పిటిషన్ (ఈపీ) దాకా పోయే మగధీరుడే, చెల్లెలు అరెకరం అడగ్గానే "పుట్టిల్లు ముఖ్యం కదమ్మా, సర్దుకుపో" అంటాడు. ఎంత లోకజ్ఞానం!

పెద్దాయనా, వచ్చే వాయిదాకి మీ ప్లీడరు గారితో చెప్పండి, కేసు లోక్ అదాలత్‌కి పెట్టించమని. తమ్ముడు ముందు అడుగుతాడేమోనని కాచుక్కూర్చోకండి. సర్వేయరు ఫీజు, కొత్త రాయి ఖర్చు చెరి సగం. తగ్గకు బావా అన్నవాణ్ణి ఆ రోజు పొలం దరిదాపులకు రానివ్వకండి.